బియ్యం కడిగిన నీళ్లు చంపిన మొక్క

పోయిన వారం మా కాలనీ వాట్సాప్ గ్రూపులో ఒక వీడియో వచ్చింది. దవడల్లాంటి ఆకు తెరుచుకుని ఉంటుంది, ఈగ వచ్చి వాలుతుంది, ఆకు టక్కున మూసుకుంటుంది. కింద తెలుగులో రాసి ఉంది: 'ఈ మొక్క ఒక్కటి ఇంట్లో ఉంటే చాలు, దోమల బాధ ఉండదు, డెంగీ రాదు, పదిమందికి పంపండి.' ఆ సాయంత్రమే కాలనీ పెద్దమనిషి ఒకాయన షాపుకు వచ్చాడు. "నీ దగ్గర ఉన్నయంట గదా, నాకో రెండియ్యి. హాల్ల ఒకటి, బెడ్‌రూంల ఒకటి పెట్టుకుంట" అన్నాడు. దోమతెర కొనుక్కోమన్నాను. ఆయనకు కోపమొచ్చినట్టుంది, టీ కూడా తాగకుండా పోయాడు. గ్రూపులోనే జవాబు రాద్దామని మొదలుపెట్టాను. నాలుగు పేరాలు దాటాక, అంత పెద్దది అక్కడ ఎవరూ చదవరని ఇక్కడికి తెచ్చాను.

నాది హన్మకొండలో ఇన్వర్టర్ బ్యాటరీల షాపు. వృక్షశాస్త్రంతో నా చుట్టరికం ఇంటర్ బైపీసీ వరకే. అయినా రెండేళ్లుగా డాబా మీద డ్రాసెరా బర్మానీ అనే కీటకాహార మొక్కను విత్తనం నుంచి పెంచుతున్నాను. పెంచుతున్నాను అనడం కొంచెం పెద్ద మాట. చాలాసార్లు చంపాను, కొన్నిసార్లు అవే బతికాయి. ఈ రెండేళ్లలో ఒక అభిప్రాయం మాత్రం గట్టిపడింది. ఈ మొక్కల్ని మనం వేటగాళ్లని పేరు పెట్టి తెచ్చుకుంటున్నాం. నిజానికివి కరువు నేలలో కాపురం చేసేవి. తయారైన మొక్కను కొరియర్‌లో తెప్పించుకున్నవాళ్లకు ఆ సంగతి తెలిసేలోపే మొక్క పోతుంది. విత్తనం చల్లినవాళ్లకు తెలియకుండా ఉండదు, ఎందుకంటే మొదటి మూడు నెలలు చూడటానికి అక్కడ వేట ఏమీ ఉండదు.

పెన్ను పెట్టి పొడిచారు

మొదలైంది మా అక్క కొడుకుతో. ఎనిమిదో తరగతి. ఎక్కడో వీడియో చూసి, ఏడ్చి మొత్తుకుని, ఆన్‌లైన్‌లో వీనస్ ఫ్లైట్రాప్, అంటే ఆ దవడల్లాంటి ఆకుల మొక్కనే, తెప్పించుకున్నాడు. ఏప్రిల్ నెల. వచ్చినప్పుడు దానికి నాలుగు నోళ్లు ఉన్నాయి. మొదటి రోజే ఇంటికి వచ్చిన ప్రతివాళ్లూ పెన్నుతోనో అగరుబత్తి పుల్లతోనో అందులో పొడిచి చూశారు. నేనూ పొడిచాను, దాచుకోవడం ఎందుకు. లోపల సన్నటి వెంట్రుకలుంటాయి. ఇరవై సెకన్ల లోపల రెండుసార్లు వాటికి తగిలితే ఆకు మూసుకుంటుంది. వాన చినుకు ఒకసారి తగిలినందుకు మూసుకోకుండా ఉండటానికి ఆ లెక్క. ఒక్కో నోరు దాని ఆయుష్షు మొత్తంలో కొన్నిసార్లే అట్లా మూసుకోగలదు. మేం రెండు రోజుల్లో ఆ కొన్నిసార్లూ వాడేశాం, ఒక్క ఈగ కూడా పెట్టకుండా.

మే మూడో వారానికి మొక్క నల్లబడింది. "మన ఎండకు గది బతకది" అని అందరూ తేల్చేశారు. సగం నిజమే. ఆ మొక్క సొంతూరు అమెరికాలో రెండు కరోలినా రాష్ట్రాల తీరప్రాంతం, మరెక్కడా సహజంగా పెరగదు. చలికాలం దానికి నిద్ర కావాలి. మన దగ్గర సంక్రాంతి చలి దానికి కునుకుపాటుకు కూడా సరిపోదు. అయితే ఆ మేలో దాన్ని చంపింది ఎండ ఒక్కటే అని నేను ఒప్పుకోను. వాళ్లు పోసింది బోరు నీళ్లు. నీళ్లలో కరిగిన లవణాలు ఎన్నున్నాయో చూపించే టీడీఎస్ మీటరు నా షాపులో ఉంటుంది కదా అని ఆ నీళ్లు ముంచి చూశాను: 840. ఈ రకం మొక్కలకు 50 దాటకూడదంటారు.

నీళ్ల దగ్గర నాకు కొంచెం అధికారం ఉందనుకుంటాను. 'సార్, బ్యాటరీ కొని ఏడాది కాలేదు, అప్పుడే పోయింది' అని వచ్చేవాళ్లలో చాలామంది డిస్టిల్డ్ వాటర్ బదులు నల్లా నీళ్లు పోసినవాళ్లే. మంచి నీళ్లే కదా, మనం తాగేవే కదా అంటారు. మనకు మంచివైన కాల్షియం, ఇనుము బ్యాటరీ లోపల ప్లేట్ల పని చెడగొడతాయి. ఈ మొక్కల వేళ్లదీ అదే గోల. లవణాలు కడుక్కుపోయిన నేలలో, వాన నీళ్లతో పుట్టి పెరిగిన వేళ్లు అవి. నీళ్లు ఆవిరైపోతాయి, ఉప్పు కుండీలో మిగిలిపోతుంది, రోజు రోజుకీ పేరుకుంటుంది. మనం పోసే ప్రతి మగ్గూ దానికి మరికాస్త ఉప్పే.

మేకలు కూడా ముట్టని గడ్డి

ఆ ఏడు డిసెంబరులో ములుగు దాటి ఒక ఊళ్లో ఇన్వర్టర్ బిగించి తిరిగి వస్తున్నాను. ఒక చిన్న కుంట దగ్గర బండి ఆపాను, ఎందుకు ఆపానో రాయాల్సిన పని లేదు. నీళ్లు వెనక్కి తగ్గిన చోట, ఇసుక కలిసిన ఎర్ర మొరం నేల ఇంకా తడితడిగా ఉంది. దాని మీద ఎవరో కూర్చుని ఓపికగా కుంకుమ బొట్లు పెట్టినట్టు ఎర్రటి చుక్కలు. వంగి చూస్తే ఒక్కోటీ రూపాయి బిళ్లంత మొక్క. ఆకులన్నీ గుండ్రంగా నేలకు అంటుకుని, ప్రతి ఆకు అంచునా వెంట్రుకల్లాంటి సన్నటి కేసరాలు, ప్రతి కేసరం చివరా ఒక చుక్క. టైం పగలు ఒంటిగంట. చుట్టూ గడ్డి మీద మంచు ఆరిపోయి ఎంతోసేపైంది. దీని మీద మాత్రం మెరుస్తోంది. అది మంచు కాదని, జిగురని అప్పుడు అర్థమైంది.

అక్కడ మేకలు కాస్తున్న పెద్దాయనను అడిగాను, దీన్ని ఏమంటారని. "గది గడ్డి సారూ. మేకలు గూడ ముట్టయి. గడ్డికి పేరేముంటది?" అన్నాడు.

నాకు మాత్రం పేరు తెలుసు. ఇంటర్‌లో కీటకాహార మొక్కలంటే నెపంథిస్, యుట్రిక్యులేరియా, డ్రాసెరా అని మూడు బొమ్మలు వేసి భాగాలు గుర్తించాం. డ్రాసెరా బొమ్మ నాకు బాగా వచ్చేది. పుస్తకంలో ఉందంటే అది ఇంగ్లండులోనో ఇంకెక్కడో ఉంటుందనుకున్నానే తప్ప, మా ఇంటికి బండి మీద గంటన్నర దూరంలో మేకల కాళ్ల కింద ఉంటుందని ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. చెప్పిన సారుకు కూడా తెలిసి ఉండదు. ఈ జాతి భారతదేశం నుంచి శ్రీలంక, ఆగ్నేయాసియా మీదుగా ఆస్ట్రేలియా దాకా ఉంది. సింహళ మొక్కల మీద 1737లో పుస్తకం వేసిన యోహనెస్ బర్మన్ అనే డచ్చి వృక్షశాస్త్రవేత్త పేరు మీద 1794లో వాల్ అనే ఆయన దీనికి 'బర్మానీ' అని పేరు పెట్టాడు. అంటే పేరు పెట్టి రెండు వందల ఏళ్లు దాటింది. మన పెద్దాయన దగ్గరికి ఆ కబురు ఇంకా చేరలేదు. వరి మళ్ల గట్లలో ఊదా పూలతో కనబడే యుట్రిక్యులేరియాలకూ అదే గతి. నీటి కింద వాటి తిత్తులు కనురెప్ప వేసేలోపు పురుగును లోపలికి గుంజుకుంటాయి. పైన నిలబడి మనం పువ్వు బాగుందనుకుని పోతాం.

ఎండిన పూకాడ ఒకటి తెంపుకున్నాను. దాని మీద మూడు కాయలున్నాయి. అది అభయారణ్యం కాదు, అక్కడ వందల మొక్కలున్నాయి, ఏడాదికోసారి చచ్చి విత్తనం నుంచి మళ్లీ పుట్టే రకం, మొక్కను పెకిలించలేదు, కాయలే తీసుకున్నాను. ఇవన్నీ నాకు నేను చెప్పుకున్న మాటలు. ఇన్ని మాటలు చెప్పుకోవాల్సి వచ్చిందంటేనే మనసులో ఏదో ఉన్నట్టు. నాలాగా ఇరవై మంది బండ్లు ఆపితే ఆ ఇరవై మందీ ఇదే లెక్క చెప్పుకుంటారు. అందుకే కుంట ఎక్కడో ఈ వ్యాసంలో రాయడం లేదు. దయచేసి అడగొద్దు.

నల్ల ధూళి

ఈ విత్తనం ఎంతుంటుందో చెప్పడానికి పోలిక దొరకడం కష్టం. గసగసాలు దీని ముందు శనగల్లాంటివి. కాయను తెల్ల కాగితం మీద తడితే మిరియాల పొడి అడుగున మిగిలే ధూళిలాంటిది రాలుతుంది. ఊపిరి గట్టిగా వదిలితే పంట పోయినట్టే. బ్యాటరీ సీరియల్ నంబర్లు చదవడానికి వాడే భూతద్దంతో చూస్తేనే అవి విత్తనాలని నమ్మకం కుదిరింది.

మొదటిసారి జనవరిలో చల్లాను, అన్నీ తప్పులే. నర్సరీలో దొరికిన కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) ఇటుకను నానబెట్టి, నేరుగా కుండీలో నింపి, విత్తనం చల్లి, అలవాటు కొద్దీ పైన పల్చగా మట్టి కప్పాను. మెంతులు వేసినట్టు. నెల గడిచింది, రెండు నెలలు గడిచాయి. నాచు మొలిచింది. తర్వాత చదివితే తెలిసింది, ఈ విత్తనానికి వెలుతురు తగిలితేనే మొలక. కప్పితే అంతే. అంత చిన్న గింజలో మట్టిని చీల్చుకుని పైకి రావడానికి సరిపడా తిండి ఉండదు, వెలుతురు కోసం ఆగడం దాని తెలివి. ఇక కోకోపీట్ సంగతి: కొబ్బరి పీచును చాలాచోట్ల ఉప్పు నీళ్లలో ఊరబెడతారు. కుండీ అడుగున కారిన నీళ్లలో మీటరు పెడితే తొమ్మిది వందలు దాటింది. బోరు నీళ్లను తిట్టిన నోటితో నేనే ఉప్పులో విత్తనం వేశాను.

ఏదో అనుమానం వచ్చి సగం విత్తనాలను వారంటీ కార్డు కవర్లో మడిచి ఉంచాను కాబట్టి కథ ఉంది. రెండోసారి జూలైలో, ముసురు పట్టాక. కోకోపీట్‌ను వాన నీళ్లలో నానబెట్టి, పిండి, మళ్లీ నానబెట్టి, ఏడుసార్లు కడిగాను, మీటరు నలభైకి దిగేదాకా. వాటర్ ఫిల్టర్లలో వేసే తెల్ల ఇసుక సగం కలిపాను. మామూలు ఇసుక అయితే ముందు కొంచెం గిన్నెలో వేసి నిమ్మరసం పిండి చూడండి, బుడగలు వస్తే సున్నం ఉన్నట్టు, పనికిరాదు. విత్తనాన్ని మడిచిన కాగితంలో వేసి గోటితో తట్టుతూ పైపైన చల్లాను. కప్పలేదు. పైనుంచి నీళ్లు పోస్తే కొట్టుకుపోతాయని కుండీని నీళ్ల ట్రేలో నిలబెట్టాను, అడుగు నుంచే పీల్చుకుంటుంది. పైన సీసా కోసి మూతలా పెట్టాను. వానలున్నన్నాళ్లూ డాబా మీద పట్టిన నీళ్లు, తర్వాత షాపులో ఎట్లాగూ ఉండే బ్యాటరీ వాటర్.

ఒక్క కుండీలో మాత్రం పోటీ కోసం విదేశీ పీట్ మాస్ వాడాను. ఈ మొక్కలు పెంచేవాళ్లంతా చెప్పేది అదే. దాని మీద నాకు మంట ఉంది. చల్లటి దేశాల్లో బురద నేలల్లో నాచు చచ్చి, కుళ్లకుండా ఏడాదికి ఒక మిల్లీమీటరు చొప్పున పేరుకుంటే అయ్యేది పీట్. జానెడు లోతు పీట్ అంటే రెండు వందల ఏళ్ల సరుకు. మన కుంట గట్టు మీద మొరంలో పెరిగే మొక్క కోసం ఎవరి దేశంలోనో రెండు వందల ఏళ్లు తవ్వించి ఓడలో తెప్పించడం ఏం ప్రకృతి ప్రేమ? అయితే నిజం దాచకూడదు: పీట్ కుండీలోనే మొలకలు ఎక్కువ వచ్చాయి, త్వరగా పెద్దయ్యాయి. నా కోకోపీట్ కుండీల్లో సగమే. నా వాదనకు అది ఏమాత్రం సాయపడదని తెలిసీ రాస్తున్నాను. మళ్లీ మాత్రం కొనలేదు.

పద్దెనిమిదో రోజు భూతద్దంలో ఒక పచ్చ చుక్క కనబడింది. ఆవగింజలో సగం ఉంటుంది. ఇంకో పది రోజులకు ఆ చుక్క పక్కన మొదటి అసలు ఆకు, దాని అంచున నాలుగైదు ఎర్రటి కేసరాలు, వాటి చివర జిగురు. కంటికి కనబడనంత చిన్నది కూడా అప్పుడే వల వేసుకుని కూర్చుంది. షాపులో కస్టమర్ నిలబడి ఉంటే కూడా నేను ఫోన్‌లో ఆ ఫొటోనే చూసుకుంటున్నానని మా పనిపిల్లవాడు నవ్వాడు.

అమ్మ పెట్టిన అన్నం

పచ్చదనం ఉన్న ప్రతిదానికీ పెట్టి పోయడం మా అమ్మ స్వభావం. తులసికి, కరివేపాకుకు, గుమ్మడి తీగకు రోజూ బియ్యం కడిగిన నీళ్లు పోస్తుంది. మా కరివేపాకు చెట్టును చూస్తే ఆ నీళ్ల మహిమ ఎవరైనా ఒప్పుకోవాల్సిందే. సెప్టెంబరులో ఒకరోజు డాబా ఎక్కి, నా కుండీల్లో చిన్నచిన్న మొక్కలు బక్కగా ఉన్నాయని జాలిపడి, ఒకదాంట్లో ఆ నీళ్లు పోసింది. మూడు రోజులు వరసగా.

మొదట జిగురు చుక్కలు మాయమయ్యాయి. తర్వాత కుండీ మీద తెల్లటి బూజు, దాని మీద జిడ్డు జిడ్డుగా పాచి. రెండు వారాల్లో ఆ కుండీలోని తొమ్మిది మొక్కలూ మధ్యలో మొదలై కుళ్లిపోయాయి. నాకు కోపం వచ్చింది, అరిచాను కూడా. "ఎరువు ఎయ్యవు, పెంట ఎయ్యవు, ఇన్ని బియ్యం కడిగిన నీళ్లు గూడ పొయ్యవు. కడుపు మాడవెట్టి పెంచుడు ఏం పెంచుడు బిడ్డా?" అంది. నా దగ్గర అప్పటికప్పుడు జవాబు లేదు.

అమ్మను అనడానికి నాకు హక్కు కూడా లేదు. అంతకు నెల ముందే నేను అదే పని చేశాను, చదువుకున్నవాడి పద్ధతిలో. చేపల మేత నూరి పొడి చేసి, పంటిపుల్ల కొసతో ఆకుల మీద పెడితే మొలకలు వేగంగా పెరుగుతాయని ఎక్కడో చదివి, ఒక కుండీలో పెట్టాను. పెట్టింది పెట్టినట్టు ఉంచకుండా, ఇంకాస్త, ఇంకాస్త అని. ఆకు అరిగించుకోగలిగిన దానికంటే ఎక్కువైంది. మిగిలింది బూజు పట్టింది, బూజు ఆకును తినేసింది. ఎప్పుడూ ఏమీ పెట్టని కుండీలు రెండూ పచ్చగా ఉన్నాయి.

అక్కడే నాకు 'మాంసాహారి' అన్న మాట మీద విసుగు మొదలైంది. మాంసం తింటే మనిషికి దాంతో బలం వస్తుంది. ఈ మొక్కకు బలం ఇచ్చేది, ఏ మామిడి చెట్టుకైనా ఇచ్చినట్టే, ఎండ. పిండిపదార్థం అంతా ఆకుల్లోనే తయారవుతుంది. నేలలో దొరకని నత్రజని, భాస్వరం కోసమే పురుగు. మన భాషలో చెప్పాలంటే అన్నం పెట్టేది ఎండ, పప్పు కోసమే మొక్క బయటికి పోతుంది. ఆ పప్పు కూడా ఊరికే రాదు. జిగురు తయారుచేయాలి, అరిగించే రసాలు ఊరించాలి, ఆకును వెలుతురు కోసం కాక వల కోసం మలుచుకోవాలి. పప్పు నేలలోనే దొరికే చోట ఈ ఖర్చు దండగ. అందుకే మంచి నేలలో ఇది గడ్డితో పోటీపడలేదు. ఎవరికీ అక్కర్లేని చోట మాత్రం దీనికి పోటీ ఉండదు. అమ్మ అడిగిన ప్రశ్నకు జవాబు ఇదేననుకుంటాను. ఆ బియ్యం నీళ్లతో దాని వేళ్లకు అజీర్తి, బూజుకు పండగ.

మరి పురుగులు లేకపోతే? డార్విన్ 1875లో కీటకాలను తినే మొక్కల మీద పెద్ద పుస్తకమే రాశాడు. అయితే నాకు ఎక్కువ నచ్చింది ఆయన కొడుకు ఫ్రాన్సిస్ డార్విన్ 1878లో ప్రకటించిన ప్రయోగం. చలిదేశపు డ్రాసెరాలను రెండు వాటాలు చేసి, ఒక వాటాకు చిన్న చిన్న మాంసం ముక్కలు పెట్టాడు, రెండో వాటాను ఆకలితో ఉంచాడు. ఆకలివి చావలేదు. తిన్నవి మాత్రం విత్తనాలు చాలా ఎక్కువ కట్టాయి. అంటే పురుగు దొరికిన తేడా ప్రధానంగా పిల్లల్లో కనబడిందన్నమాట. అమ్మకు ఈ ప్రయోగం చెప్పాను. "అంటే పిల్లల కోసమే గదా దాని తిప్పలు" అంది. అయినా తులసి కోట ఉన్న వైపు ఆ కుండీలు పెట్టనివ్వలేదు. ప్రాణం తీసేది ప్రాణం తీసేదే, పూజ చేసే కాడ వద్దు అంది. ఇప్పటికీ అవి నీళ్ల ట్యాంకు వైపే ఉన్నాయి.

ఆశా కార్యకర్త బోర్లించిన ట్రే

దోమల సంగతికి వస్తాను, అందుకే కదా ఇదంతా మొదలుపెట్టింది. ఆగస్టులో ఒక శుక్రవారం, డ్రైడే అని ఇల్లిల్లూ తిరిగి నిల్వనీళ్లు చూసే ఆశా కార్యకర్త మా డాబా ఎక్కింది. నా ట్రేలో టార్చి వేసి చూపించింది. తోకలు ఆడించుకుంటూ దోమ లార్వాలు, పదులకొద్దీ. "ఇవేం చెట్లు సార్?" అంది. పురుగులను తినే చెట్లని చెప్పాను. ఆమె నా ముఖం వైపు చూసి, ఏమీ అనకుండా ట్రే బోర్లించి కిందికి దిగిపోయింది. ఆ చూపు ఇంకా గుర్తుంది.

తర్వాత కసికొద్దీ లెక్క పెట్టాను. అప్పటికి మిగిలిన మొక్కల మీద పదిహేను రోజుల్లో అంటుకున్నవి: తడి మట్టి మీద ఎగిరే చిన్న నల్ల ఈగలు చాలా, చీమలు ఏడు, దోమలు రెండు. ఆ రెండూ దారి తప్పి వాలినవే అయి ఉంటాయి. కుట్టే దోమ వెతికేది మన ఊపిరిని, ఒంటి వేడిని, చెమట వాసనను. మొక్క దగ్గర అవేవీ లేవు. డెంగీ దోమ గుడ్లు పెట్టేది మంచి నీళ్లలో, నా ట్రేలో ఉన్నవి హన్మకొండలోకెల్లా మంచి నీళ్లు. అంటే ఆ వీడియోను నమ్మి ఈ మొక్క పెట్టుకున్నవాడు దోమలను పెంచుకుంటాడు. గుడ్డు నుంచి దోమ కావడానికి వారం పది రోజులు పడుతుంది కాబట్టి, ఇప్పుడు నాలుగు రోజులకోసారి ట్రే నీళ్లు పారబోసి, తుడిచి, కొత్తవి పోస్తున్నాను. మొక్కలకు ఎట్లా ఉందోగానీ శుక్రవారమంటే టెన్షన్ లేదు.

అన్నీ నా వైపే ఉన్నాయా?

లేవు. మా అక్క కొడుకు ఆ అక్టోబరులో వచ్చినప్పుడు పిలిచి చూపించాను. అప్పటికి మొక్కలు రెండు సెంటీమీటర్ల వెడల్పు, ఎర్రగా, సన్నటి కాడ మీద తెల్ల పువ్వు. పువ్వు పొద్దున ఎండ పడ్డాక కొద్దిసేపే విచ్చుకుంటుంది. అదృష్టం కొద్దీ ఒక నల్ల ఈగ అంచున వాలింది. డ్రాసెరాల్లో చాలా వాటికి కేసరం వంగడానికి నిమిషాలు పడుతుంది. దీని అంచు కేసరాలు మాత్రం కొన్ని సెకన్లలోనే లోపలికి విసురుతాయి. నాకు ఒళ్లు జలదరించింది. వాడు ఫోన్ తీసేలోపు అయిపోయింది. "మళ్లొకసారి చెయ్యదా మామా?" అన్నాడు. చెయ్యదన్నాను. కిందికి పోయి క్రికెట్ చూసుకున్నాడు.

ఆ రోజు ఆలోచించాను. వాడి నాలుగు నోళ్ల ఫ్లైట్రాప్ చచ్చింది నిజమే. కానీ అది రాకపోతే నేను టీడీఎస్ మీటరు ముంచేవాణ్ని కాను, కుంట దగ్గర వంగి చూసేవాణ్ని కాను. తయారైన మొక్క కొని, పొడిచి, చంపిన తప్పులోంచే నా మొక్క పుట్టింది. మరి పిల్లలకు విత్తనం ఇచ్చి మూడు నెలలు పచ్చ చుక్కను చూడమంటే ఎవరు చూస్తారు? నలభై మూడేళ్ల బ్యాటరీల మనిషి చూస్తాడు. ఈ వాదన ముందు నేను సగం ఓడిపోతాను. మిగతా సగం ఏమిటంటే, విత్తనం పేరుతో జరిగే మోసం కూడా తక్కువేమీ కాదు. వాడికే తర్వాత ఎవరో 'ఫ్లైట్రాప్ విత్తనాలు' అని పొట్లం పంపారు, పెద్ద పెద్ద గోధుమరంగు గింజలు. మొలిస్తే తోటకూరకు చుట్టమేదో వచ్చింది. అమ్మ పులుసు పెడతానంది. అంచేత విత్తనం నుంచి పెంచమని నేను చెప్పేది ఊరికే కాదు, ఆ విత్తనం ఏ మొక్కదో, ఎవరింట్లో కాసిందో తెలిసినప్పుడే.

మాదైతే నవంబరుకు కాసింది. పువ్వు తనకు తానే పరాగం పూసుకుంటుంది, మనం చేసేదేమీ లేదు. బతికిన పదకొండు మొక్కల నుంచి వచ్చిన ధూళి ఆరు కవర్లయింది. మొక్కలు ఫిబ్రవరి ఎండకే నల్లబడి పోయాయి. అది చావు లెక్కలోకి రాదు, ఏడాది మొక్క. పోయిన జూలైలో మళ్లీ చల్లాను. ఈసారి అమ్మకు ముందే చెప్పాను, చేపల మేత డబ్బా పనిపిల్లవాడికి ఇచ్చేశాను. ముప్పైకి పైగా నిలిచాయి.

పోయిన నెల, డిసెంబరులో, ఆ కుంట దగ్గరికి మళ్లీ వెళ్లాను. జేబులో ఒక కవరు పెట్టుకున్నాను, ఆనాడు తీసుకున్నదానికి పదింతలు. బాకీ తీర్చినట్టు ఉంటుందనుకున్నాను. మొరం కోసం కుంట ఒడ్డు ఒకవైపంతా జేసీబీతో తవ్వారు. ట్రాక్టరు చాళ్లలో నీళ్లు నిలిచాయి. రెండోవైపు ఈ ఏడు నీళ్లు ఎక్కువగా ఉండి, ఆ ఎర్ర నేల ఇంకా బయటపడలేదు. గంటసేపు తిరిగాను. ఒక్కటీ కనబడలేదు.

'చూశావా, నువ్వు ఆ కాయలు తీసుకోకపోతే ఏమయ్యేది' అని మనసు వెంటనే అందుకుంది. ఆ మాట నమ్మడానికి చాలా హాయిగా ఉంది, అందుకే నమ్మలేదు. ఒక్క పూకాడ సంతానం ట్యాంకు పక్కన నాలుగు కుండీల్లో ఉంటే కుంట బతికినట్టు కాదు. నీటి కింది నేలలో విత్తనాలు ఉండే ఉండొచ్చు, నీళ్లు తగ్గాక జనవరి ఆఖరున లేస్తాయేమో. ఇక నా విత్తనాలు అక్కడ చల్లాలా? రెండేళ్లు డాబా మీద పెరిగిన కుండీల బూజు, పాచి, నాకు తెలియని ఇంకేదో వాటితోపాటు ఆ నేలకు పోతుంది. మేలు చేద్దామని అమ్మ పోసిన బియ్యం నీళ్లు గుర్తొచ్చాయి. పారబోసిన మొరం కుప్ప మీద కాసేపు కూర్చుని, కవరు తీసి చూసి, మళ్లీ జేబులో పెట్టుకున్నాను.

అట్లాగే ఇంటికి తెచ్చాను. ఇప్పుడది ఫ్రిజ్ డోర్‌లో, నిమ్మకాయ పచ్చడి సీసా వెనకాల ఉంది. నెలాఖరుకు నీళ్లు తగ్గాక మరోసారి వెళ్లి చూడాలి.